“పోలీసు చర్య” యను మాట



మన ప్రాంతమున కాలమును లెక్కించుటకు పంచాంగ మొక్కటియే సాధనము కాదు. చెరువు తెగిన యేడనియు, కరవు వచ్చిన యేడనియు పెద్దలు గుర్తులు చెప్పుకొనుట కలదు. ఆ గుర్తులన్నింటిలో నందఱి నోటను నిలిచినది “పోలీసు చర్య” జరిగిన యేడు. 1991 సంవత్సరపు జనాభా లెక్కలకై నేను కొండగట్టు క్రింది గ్రామములలో ఇల్లిల్లు తిరిగితిని. ఉపాధ్యాయులకు ఆ పని తప్పదు గదా! వయస్సెంత యని యడుగగా, ఏబది యేండ్లు దాటినవారిలో అంకె చెప్పినవారు బహు స్వల్పము. “పోలీస్ యాక్షన్ నాటికి నేను పసులు గాస్తుంటి, పంతులూ. నువ్వే లెక్క గట్టుకో” అని యొక పెద్దాయన యనెను. పసులు కాయు పిల్లవానికి ఎనిమిది పది యేండ్లుండును గాన, ఏబదిరెండని వ్రాసికొంటిని.

ఆ మాట వాడనివారు లేరు. దాని యర్థమేమని యడిగినవారు మాత్రము నాకు తారసపడలేదు. నేడు మీతో ముచ్చటింపదలచినది ఆ యర్థమును గూర్చియే.

మొదట పోలీసు. నిజాము రాజ్యమున ప్రతి యూరికిని మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారి యని వతందారులుండెడివారు. శిస్తు వసూలు చేయుట మాలీ పటేలు పని; లెక్కలు వ్రాయుట పట్వారి పని; దొంగతనము, కొట్లాట, అనుమానపు చావు మొదలగువానిని ఠాణాకు తెలియజేయుట పోలీసు పటేలు పని. ఠాణాలో అమీను, అతని క్రింద జవానులు. ఈ వతను పద్ధతి 1984లో రద్దగువఱకు పల్లెలలో పోలీసు పటేలు పేరు వినబడుచునే యుండెను. కాబట్టి పోలీసు చర్య యనగా మన తాతలకు తోచవలసిన యర్థమిది: అమీను జవానులను వెంటబెట్టుకొని వచ్చి, తప్పు చేసినవానిని పట్టుకొని, న్యాయస్థానమున నిలబెట్టుట.

1948లో వచ్చినది అది కాదు. సర్వధారి సంవత్సర భాద్రపద శుక్లపక్షమున, సెప్టెంబరు 13వ తేది సోమవారము నాడు, భారత సేనలు హైదరాబాదు రాజ్యము సరిహద్దులు దాటినవి. పడమట షోలాపురము దిక్కునుండి మేజర్ జనరల్ జయంతనాథ చౌధురి నడిపిన ముఖ్యసేన వచ్చెను. తూర్పున బెజవాడ దారిని మేజర్ జనరల్ రుద్ర నడిపిన సేన వచ్చెను. వాయవ్యమున ఔరంగాబాదు, జాల్నాలవైపు మఱికొన్ని దళములు కదలెను. వీరందఱిపై నధికారి దక్షిణ సేనామండలాధిపతి లెఫ్టినెంట్ జనరల్ రాజేంద్రసింహజీ. నేలపై ట్యాంకులు, ఫిరంగులు. ఆకాశమున టెంపెస్టు విమానములు. నల్‌దుర్గము తొలినాడే చిక్కెను. 17వ తేది సాయంకాలమునకు నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాల్పులు మాన్పించి, ఆ వార్తను స్వయముగా రేడియోలో చెప్పెను. మఱునాడు నిజాము సేనాపతి జనరల్ ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయెను. ట్యాంకులు, విమానములు గల అమీనును మనమెన్నడును చూచియుండలేదు. రక్షణశాఖవారు ఈ యైదు దినముల చరిత్రను 1972లో గ్రంథముగా ప్రకటించిరి. దాని పేరులోనే యీ రెండు ముఖములును గలవు. “ఆపరేషన్ పోలో” యను సైనిక సంకేతము మొదట, “హైదరాబాదుపై పోలీసు చర్య” యను వివరణము దాని ప్రక్కన.

సేన రావలసిన యవసరమేమి వచ్చినదో మన జిల్లావారికి విప్పి చెప్పనక్కఱలేదు. ఆంగ్లేయులు వెడలిపోవుటతో తాను స్వతంత్రుడనగుదునని నిజాము 1947 జూనులో ఫర్మాను వెలువరించెను. ఆ సంవత్సరము నవంబరు 29న ఢిల్లీ ప్రభుత్వముతో ఒక యేడాదికి యథాతథపు టొడంబడిక కుదిరెను. ఒడంబడిక కాగితమున నుండగా, కాశిం రజ్వీ రజాకారులు పల్లెలపై బడిరి. చాందా ప్రాంతమునకు దాటిపోయి శిబిరములు కట్టి పోరాడినవారిలో మన జిల్లా వంగరకు చెందిన పాములపర్తి వేంకట నరసింహారావుగా రొకరు. 1948 మార్చి 14న మహమ్మదాపురము గుట్టలయందు అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి మొదలగువారు నిజాము బలగముల కాల్పులకు నేలకొఱగిరి. రజాకారులను నిషేధింపుడు, సికిందరాబాదునకు మా సేనను రానిండు అని ఢిల్లీవారు సెప్టెంబరు మొదటి భాగమున కడసారి కోరిరి. నిజాము ప్రభుత్వము ఒప్పుకొనలేదు. చర్య జరిగి తీరవలసినదే యని నా మతము. నా ప్రశ్న చర్యను గూర్చి కాదు, దాని పేరును గూర్చి.

ఆ పేరు ఏల పెట్టిరి? యుద్ధము జరుగుటకు ఇద్దఱు రాజులుండవలెను. యుద్ధమని యొక్కసారి యన్నచో ఎదుటివాడు రాజని యొప్పుకొన్నట్లే. ఒక యుమ్మడి యింటిని తలచుకొనుడు. తమ్ముడొకడు తన గది తలుపు బిగించుకొని, “ఇది వేఱిల్లు” అనెను. లోపలివారు ఏడ్చుచున్నారని అన్న తలుపు పగులగొట్టి లోనికి వచ్చెను. తమ్ముడు పొరుగూరి పంచాయతీకి పోయి “నా యింటిపై బడినాడు” అనును. అన్న “ఇది మా యింటి సంగతి, మీకేమి పని?” అనును. పంచాయతీవారు మొదట తేల్చవలసినది ఎవరు ఎవరిని కొట్టిరనునది కాదు. ఇల్లొకటా, రెండా యనునది.

సరిగా నిదియే జరిగినది. నిజాము ప్రభుత్వము 1948 ఆగస్టు 21న ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు పంపెను. సమితిలో సభ్యత్వము లేని రాజ్యము గూడ తన తగవును మండలి యెదుట పెట్టవచ్చునని సమితి నిబంధనలలో 35వ ప్రకరణము చెప్పుచున్నది. ఒక రాజ్యపు టాంతరంగిక విషయములలో సమితి జోక్యము చేసికొనరాదని 2వ ప్రకరణపు 7వ వాక్యము చెప్పుచున్నది. మొదటి దానిని నిజాము పక్షమువారు, రెండవదానిని మనవారు పట్టుకొనిరి. సెప్టెంబరు 16న పారిసు నగరమున మండలి కూడెను. నిజాము తరపున మొయిన్ నవాజ్ జంగు, భారతదేశము తరపున సర్ ఆర్కాటు రామస్వామి ముదలియారు. హైదరాబాదు రాజ్యమే కాదు, దానికి ఫిర్యాదు చేయు నర్హతయే లేదు అని మన వాదము. అట్టి వాదము చేయువాడు “మేము యుద్ధము చేయుచున్నాము” అని యెట్లనగలడు? ఇంటి లోపలి పనికి పోలీసే తగిన మాట. మండలివారు వినుచుండగనే మఱునాటికి కాల్పులాగెను. 22వ తేదిని నిజాము తన ఫిర్యాదు వెనుకకు తీసికొనుచున్నట్లు తెలిపెను.

ఇంకను కారణములు కలవు. కాశ్మీరమున పోరు అప్పటికి నడచుచునే యున్నది. దేశ విభజనపు గాయము పచ్చిగా నున్నది. దక్కనున యుద్ధమను మాట వినబడినచో ఉత్తరాది నగరములలో మరల నెత్తురు పాఱునేమోయను భయము గలదు. “పోలీసు” అన్నచో గుండె కొంత కుదుటపడును.

ఈ మాట మనవారు క్రొత్తగా పుట్టించినది గాదు. తూర్పు సముద్రమున జావా, సుమత్రా మొదలగు దీవులను డచ్చివారు బహుకాలము పాలించిరి. అచ్చటి ప్రజలు 1945 ఆగస్టు 17న స్వాతంత్ర్యము ప్రకటించుకొనగా, డచ్చివారు 1947 జూలై 21న గొప్ప సేనతో వారిపై బడి, దానికి “పోలీసు చర్య” యని పేరు పెట్టిరి. ఇది మా యింటి సంగతి యని వారును వాదించిరి. దీనిని భద్రతామండలి యెదుట పెట్టినవారెవరు? ఆస్ట్రేలియాతో గూడి భారతదేశమే! జూలై 30న ఫిర్యాదు; ఆగస్టు 1న కాల్పులు మానుడని మండలి యాజ్ఞ. అట్లు డచ్చివారి మాటను త్రోసిపుచ్చిన దేశమే, పదునాలుగు నెలలు నిండకముందే, హైదరాబాదున దానినే చేతబట్టెను. 1948 డిసెంబరులో డచ్చివారు రెండవ మాఱు “పోలీసు చర్య” జరుపగా, నెహ్రూగారు 1949 జనవరిలో ఢిల్లీయందు ఆసియా దేశముల సభ కూర్చి దానిని ఖండించిరి. రెండు పనులు నొకటియని నేననను. సముద్రములు దాటి వచ్చిన దొరతనము వేఱు, దేశము నడిబొడ్డున ప్రజలు పిలుచుచుండగా వచ్చిన సేన వేఱు. కాని పేరు చూచి పనిని కొలువరాదనుటకు ఇంతకన్న నిదర్శనమేల? కత్తి యొకటే, ఒర మాత్రము పదిమందికి సరిపోవును.

అమెరికావారి సంగతియు నొక్క మాట. 1950 జూనులో కొరియాలో పోరు మొదలయ్యెను. ఆ దేశమున యుద్ధము ప్రకటించు నధికారము వారి శాసనసభది. జూను 29న పత్రికలవారిలో నొకడు, దీనిని సమితి తరపున జరుగు పోలీసు చర్య యనవచ్చునా యని యడుగగా, అధ్యక్షుడు ట్రూమను ఔననెను. ఆ “పోలీసు చర్య” మూడేండ్లు సాగి లక్షల ప్రాణములను దీసికొనెను.

మన శాస్త్రములు చదివినవాడను గాన, అచ్చట దీనికి చోటు గలదాయని వెదకితిని. కౌటిల్యుడు అర్థశాస్త్రమున యుద్ధము మూడు విధములని చెప్పెను. చోటును, కాలమును ఎఱిగించి చేయునది ప్రకాశయుద్ధము. మోసముతో, మాటువేసి చేయునది కూటయుద్ధము. గూఢచారులచేత లోలోపల నడపించునది తూష్ణీంయుద్ధము. తూష్ణీం అనగా మౌనముగా నని యర్థము. 1948 నాటి చర్యలో మాటు లేదు, మౌనము లేదు. కోరికలు ముందే తెలిపి, పట్టపగలు రహదారుల వెంట వచ్చిరి. పని ప్రకాశయుద్ధము, మౌనమంతయు పేరునందే యున్నది.

కాని యింకొక మాట కలదు. అది నన్ను చాలకాలము వెంటాడినది. దండము అని సంస్కృతమున ననినచో కఱ్ఱ, శిక్ష, సేన యని మూడర్థములు. రాజ్యమునకు చెప్పిన సప్తాంగములలో దండమనగా సేన. సామదానభేదదండములలో దండమనగా శిక్షించుట, దండెత్తుట రెండును. మన తెలుగున దండు అనగా సేన. దండుగ యనగా తప్పు చేసినవాడు కట్టు సొమ్ము. రెండును ఒక్క వేరునుండి మొలచినవే. పూర్వపు రాజునకు దొంగపై పంపువాడును, శత్రువుపై పంపువాడును ఒక్కడే గాన, ఒక్క మాట చాలెను. ఇప్పటి ప్రభుత్వములు ఆ దండమును రెండు తునకలు చేసినవి. సైనికునికి ఎదుటివాడు శత్రువు. పోలీసువానికి ఎదుటివాడు తన ప్రజయే. దొంగను పట్టుకొన్న పోలీసువాడు వానికి అన్నము పెట్టవలెను, జనము వానిని కొట్టకుండ కాపాడవలెను, న్యాయాధికారి యెదుట ప్రాణముతో నిలబెట్టవలెను. కాబట్టి సేనను పంపి “ఇది పోలీసు చర్య” అన్న ప్రభుత్వము, తెలిసియో తెలియకయో ఒక వాగ్దానము చేసినది: ఆ సరిహద్దు లోపలనున్న వారందఱును, నిజాము పక్షమువారితో సహా, మా ప్రజలే యని.

పోలీసే సేనవలె మెలగిన సంగతియు మన యుత్తర దిక్కుననే జరిగినది. 1940లో ఆదిలాబాదు అడవులలో, జోడేఘాటు గుట్టపై, తమ పోడు భూములకై నిలిచిన గోండులపై నిజాము పోలీసులు తుపాకులు పేల్చి కుమ్రం భీమును, ఆయన యనుచరులను చంపిరి. ఎనిమిదేండ్ల తరువాత సేన పోలీసు పేర వచ్చెను. అప్పుడు పోలీసు సేన పద్ధతిని వచ్చెను. గోండులు ఎవరి ప్రజలో ఆ తుపాకి పట్టినవానికి తోచియుండదు.

1948 నాటి వాగ్దానము నిలిచినదా? రజాకారుల పీడ విరగడయైనదని పల్లెలు పండుగ చేసికొన్నమాట నిజము. అది చెప్పి యూరకుండుట న్యాయము గాదు. సేన వచ్చిన నాళ్లలోను, తరువాతి వారములలోను, రజాకారులపైనున్న కసి వారితో నే సంబంధమును లేని సామాన్య ముసల్మానులపై తీర్చుకొనబడెను. నెహ్రూ ప్రభుత్వము పండిత సుందరలాలు, ఖాజీ అబ్దుల్ గఫారు మొదలగువారిని విచారణకు పంపెను. వారు 1948 నవంబరు చివరనుండి డిసెంబరువఱకు జిల్లాలు తిరిగిరి. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో నష్టము మిక్కుటమనియు, రాజ్యమంతట చనిపోయినవారు 27,000 నుండి 40,000 దాక నుందురనియు వారి యంచనా. కొన్నిచోట్ల సైనికులును, పోలీసులును దోపిడికి ప్రోత్సాహమిచ్చిరని, కొన్నిట చేయి కలిపిరని గూడ వారు వ్రాసిరి. హిందువులు పొరుగింటి ముసల్మానులను దాచి కాపాడిన తావులను గూడ వారు విడువలేదు. సాలెవారు తమతోపాటు మగ్గము నేయు ముసల్మానులకై అడ్డునిలిచి, కొన్నియెడల తమ ప్రాణములే యిచ్చిరని ఆ నివేదికలో కలదు. నేతగాండ్రు నిండిన యీ ప్రాంతమున ఆ వాక్యమును ఎవరును బడిపిల్లలకు చదివి వినిపింపకపోవుట నాకు వెలితిగా తోచును.

ఆ నివేదికను ప్రభుత్వము ప్రకటింపలేదు. ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయమున జనులకది చూడ దొరకినది 2013లో, అనగా అఱువదియైదేండ్లకు. పేరు చేసిన పని యిచ్చటనే కనబడును. యుద్ధమైనచో ఇరుపక్షముల చావుల లెక్కయుండును; చనిపోయినవారి పేర్లు ఱాతిపై చెక్కుదురు. నిజముగా పోలీసు చర్యయే యైనచో, ఒక్క మనిషి తుపాకి దెబ్బకు పోయినను పంచనామా జరుగవలెను, ఠాణాలో కాగితముండవలెను. ఈ వేలమందికి ఱాయియు లేదు, పంచనామాయు లేదు.

పోలీసు చర్య ముగిసిన పిదప వచ్చిన పరిపాలన మెవరిది? సైనిక గవర్నరుగా జనరల్ చౌధురియే 1949 చివరివఱకు ఏలెను. రజాకారులపైకి వచ్చిన సేన పిదప కమ్యూనిస్టులపైకి మరలెను. 1951 అక్టోబరులో వారు సాయుధపోరాటము విరమించువఱకు ఆ పోరు సాగెను. ఇదంతయు ఏ పేరున జరిగినదని యడిగినచో, సమాధానము లేదు. పోలీసు చర్య యను గుడ్డ అయిదు దినములను కప్పుటకే చాలినది.

పేర్ల తగవు ఇంకను తీఱలేదు. ఉర్దూ పెద్దలు దానిని “సుకూతె హైదరాబాద్” అందురు. సుకూతు అనగా పతనము. కొందఱు విమోచనమందురు, కొందఱు విలీనమందురు, విద్రోహమనువారును గలరు. మరాఠ్వాడావారు సెప్టెంబరు 17ను ముక్తిసంగ్రామ దినముగా జరుపుకొందురు. మన రాష్ట్ర ప్రభుత్వము 2022లో జాతీయ సమైక్యతా దినమనెను. కేంద్ర ప్రభుత్వము హైదరాబాదు విముక్తి దినమనెను. రాష్ట్రమున వచ్చిన క్రొత్త ప్రభుత్వము 2024లో ప్రజాపాలన దినోత్సవమనెను. ఇందులో ఏదియు పల్లెలోని ముసలివారి నోట నేను వినలేదు. వారిది నేటికిని పోలీస్ యాక్షనే.

పారిసులో పెట్టిన ఫిర్యాదు సంగతి చెప్పి ముగించెదను. నిజాము దానిని వెనుకకు తీసికొన్నను, తీసికొన్నది తన యిష్టముననేనా యని మండలిలో కొందఱు సంశయించిరి. 1949 మే 24న పాకిస్తాను ప్రతినిధి వాదము విన్న పిదప మండలి దానిని మరల చర్చింపలేదు. తీర్పు చెప్పలేదు, పట్టికనుండి కొట్టివేయనును లేదు. 1956 నవంబరు 1న హైదరాబాదు రాజ్యము మూడు రాష్ట్రములుగా పంచబడినది. నిజాము 1967 ఫిబ్రవరిలో కాలము చేసెను. ఐనను దశాబ్దముల తరువాత గూడ, మండలి యెదుటనున్న విషయముల జాబితాలో, “హైదరాబాదు ప్రశ్న” యను పంక్తి యొకటి అచ్చగుచునే వచ్చినది.